పతకం అంచున పేరు

పాఠ్యభాగ ఉద్దేశం

పాత వస్తువులను సేకరించడం లోకంలో చాలామందికి ఉన్న అభిరుచి. యుద్ధాలతో సంబంధం గల పతకాలు, బిళ్లలు, లేఖలు, దుస్తులు, పనిముట్లు సేకరించడం అందులో ఒక ప్రత్యేక శాఖ. ఈ సేకరణ ఎలా సాగుతుందో, అందులో చరిత్ర పరిశోధన ఎలా ఇమిడి ఉన్నదో, సేకర్తకు ఉండవలసిన బాధ్యత ఎటువంటిదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మానవుడు స్వభావతః సంగ్రహశీలి. నదీతీరంలో నునుపైన రాయి కనబడితే చేతిలోకి తీసుకొనే పసివాని మొదలు, దేశదేశాల నాణేలను పెట్టెలలో భద్రపరచుకొనే పెద్దల వరకు అందరిలోను ఈ గుణం ఏదో ఒక రూపంలో కనబడుతుంది. తపాలాబిళ్లలు కూర్చేవారు కొందరు. తాళపత్రాలకోసం ఊరూరా తిరిగేవారు కొందరు. ఇటువంటి అభిరుచులలో యుద్ధస్మారక వస్తువుల సేకరణ ఒకటి. మిగిలినవాటికీ దీనికీ ఒక భేదం ఉన్నది. తపాలాబిళ్ల వెనుక ఒక ఉత్తరం ఉండవచ్చును, నాణెం వెనుక ఒక బేరం ఉండవచ్చును. సైనికుని పతకం వెనుక మాత్రం ఇల్లు విడిచి వెళ్లిన ఒక మనిషి ఉంటాడు. అతడు తిరిగి వచ్చాడో లేదో ఆ లోహపు ముక్కను చూచినంత మాత్రాన తెలియదు. కాబట్టి ఈ సేకరణలో వస్తువు చేతికి చిక్కడంతో పని ముగియదు, అక్కడే మొదలవుతుంది.

యుద్ధంలో మరణించినవారి గుర్తులను దాచుకొనడం మనకు కొత్త కాదు. పోరులో పడిన వీరుని పేరిట శిల నాటి, ఆయుధం పట్టిన అతని రూపాన్ని దానిపై మలచడం తెలుగుదేశంలో ప్రాచీనమైన ఆచారం. ఆ శిలలనే వీరగల్లులు అంటారు. పల్నాటిసీమలోని కారెంపూడిలో 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో అసువులు బాసిన వీరులకు నేటికీ కార్తీకమాసం చివర ఉత్సవం జరుగుతుంది. ఆ వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను ఆచారవంతులు నాగులేటి నీటితో శుద్ధి చేసి పూజిస్తారు. ఈ వీరారాధనలో ఆయుధానికి వెల లేదు. అది ఎవరి చేతిలోనిదో, ఆ చేయి ఎందుకు దానిని పట్టిందో అనే జ్ఞాపకమే దానికి విలువ. నేటి సేకర్త ఈ సంగతిని మరవకూడదు.

సేకర్తలు వెదికే వస్తువులు బహువిధాలు. దళాల గుర్తులు గల ఇత్తడి టోపీబిళ్లలు, భుజబిళ్లలు, గుండీలు, నీటిసీసాలు, దిక్సూచులు, యుద్ధరంగం నుండి వచ్చిన ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, పేబుక్కులు వారి పెట్టెలలో చేరుతాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, పేలిన ఫిరంగిగుండ్ల ఇత్తడి గొట్టాలపై పూలతీగలు చెక్కి పూలకూజాలుగా మార్చినవారున్నారు. వాటిని ‘ట్రెంచ్ ఆర్ట్’ అని పిలుస్తారు. ఒక్కొక్కప్పుడు ఒక ఇనుపముక్క కూడ చరిత్రను చెబుతుంది. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు తీరానికి వచ్చి, చమురు తొట్లపై గుండ్లు కురిపించి, వాటిని తగులబెట్టి వెళ్లిపోయింది. ఆ నౌక పేరు తమిళంలో గడుసువాడు, సాహసి అనే అర్థంలో మాటగా నిలిచిపోయింది. ఇటువంటి వస్తువులన్నింటిలోను, చదువుకొనేవారికి ఎక్కువ ఉపయోగపడేది పతకం. ఎందుకంటే చాలా పతకాల అంచున దానిని పొందిన మనిషి పేరు ఉంటుంది.

అయితే ఈ పేరు మొదటినుండి ఉన్నది కాదు. 1799 మే 4వ తేదీన ఈస్టిండియా కంపెనీ సేనలు శ్రీరంగపట్టణం కోటను పట్టుకొన్నాయి. టిప్పు సుల్తాను ఆ పోరులో మరణించాడు. కంపెనీ సేనకు తోడుగా హైదరాబాదు నిజాము సేన కూడ ఆ యుద్ధంలో పాల్గొన్నది. ఈ విజయానికి గుర్తుగా కంపెనీ పతకాలు చేయించింది. బ్రిటిషు సింహం పులిని అణచుతున్నట్లు వాటిపై చిత్రించారు. పులి టిప్పు చిహ్నం. అత్యున్నత అధికారులకు బంగారు పతకం, తరువాతివారికి బంగారుపూత వేసిన వెండిది, ఆ తరువాత వెండిది, కంచుది; సామాన్య సిపాయికి తగరపుది. హోదాను బట్టి లోహం మారింది. కాని పేరు మాత్రం ఏ పతకంపైనా వేయలేదు. అందుచేత ఈనాడు ఒక తగరపు పతకం దొరికితే, దానిని ధరించిన సిపాయి ఎవరో ఆ పతకం చెప్పలేదు. అదే యుద్ధంనాటి టిప్పు ఖడ్గం ఒకటి 2023 మే నెలలో లండనులో కోటీ 40 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. రాజు ఖడ్గానికి చరిత్ర అంతా తెలుసు. కోటగోడ ఎక్కిన సిపాయికి పేరు కూడ మిగలలేదు.

ఈ పద్ధతి 1815లో మారింది. ఆ యేడు జూన్ 18వ తేదీన జరిగిన వాటర్లూ యుద్ధంలో పాల్గొన్న సైనికులకు బ్రిటిషు ప్రభుత్వం పతకాలు ఇచ్చింది. సేనానికీ సామాన్య సైనికునికీ ఒకే రజతపతకం. పైగా ప్రతి పతకం అంచున దానిని పొందినవాని పేరు, అతని దళం పేరు యంత్రంతో ముద్రించారు. పతకానికి చుట్టూ ఉండే అంచు మందం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ఆ సన్నని చోటులో ఒక మనిషికి స్థానం లభించింది. సేకర్తలు పతకం చేతికి రాగానే ముఖంపైనున్న రాజు బొమ్మను గాక అంచును ముందుగా చూచేది అందుకే.

మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఈ ఆచారం స్థిరపడింది. ఆ యుద్ధంలో పనిచేసినవారికి సాధారణంగా లభించినవి మూడు పతకాలు: 1914-15 స్టార్ అనే కంచు నక్షత్రం, బ్రిటిష్ వార్ మెడల్ అనే వెండి పతకం, విక్టరీ మెడల్ అనే కంచు పతకం. ఆనాటి ఒక పత్రికలోని బొమ్మకథలో కుక్క, పెంగ్విన్, కుందేలు పాత్రలుండేవి. వాటి పేర్లనే తీసుకొని బ్రిటనులో జనం ఈ మూడింటినీ ‘పిప్, స్క్వీక్, విల్‌ఫ్రెడ్’ అని ముద్దుగా పిలిచారు. వీటిలో బ్రిటిష్ వార్ మెడల్ చరిత్ర ఆలోచింపదగినది. సుమారు 65 లక్షల పతకాలను వెండితో చేశారు. మరి 1,10,000 పతకాలను కంచుతో చేశారు. ఆ కంచు పతకాలు చైనా, మాల్టా, భారతదేశాలనుండి వెళ్లిన కూలిదళాలవారికి, సైన్యాన్ని అనుసరించి వెళ్లిన పనివారికి ఇచ్చారు. వంటవారు, నీరు మోసేవారు, పశువులను తోలేవారు, గాయపడినవారిని మోసేవారు ఈ కోవలోనివారు. వారు నడిచిన దారిలోనూ గుండ్లు పడ్డాయి. రోగాలు వారినీ విడువలేదు. వాటర్లూతో తొలగినట్లు కనిపించిన లోహభేదం ఇక్కడ మళ్లీ తలయెత్తింది. అయితే శ్రీరంగపట్టణం తగరానికీ ఈ కంచుకూ ఒక తేడా ఉన్నది. ఈ కంచు పతకం అంచున పేరు ఉన్నది.

అదే యుద్ధానికి సంబంధించి భేదం చూపని స్మారకం కూడ ఒకటి ఉన్నది. మరణించినవారి కుటుంబాలకు సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసం గల కంచు ఫలకాలు పంపారు. దాదాపు పదమూడున్నర లక్షల ఫలకాలు తయారయ్యాయి. వాటిపై మృతుని పేరు ఉబ్బెత్తు అక్షరాలలో ఉంటుంది, హోదా ఉండదు. త్యాగంలో చిన్నా పెద్దా లేదని చెప్పడం వారి ఉద్దేశం. ఆ ఫలకం ఆకారాన్ని బట్టి బ్రిటనులో జనం దానిని ‘చనిపోయినవాని పెన్నీ’ అన్నారు. కన్నబిడ్డకు మారుగా కంచుబిళ్ల అందుకొన్న తల్లిదండ్రుల బాధ ఆ మాటలో వినబడుతుంది.

ఈ పతకాలకూ మనకూ సంబంధమేమిటని విద్యార్థులు అడగవచ్చును. మొదటి ప్రపంచయుద్ధంలో 10 లక్షలకు పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్లారు. వారిలో సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం 25 లక్షలకు చేరింది. ఈ సైన్యంలో తెలుగువారి పాత్ర చాల పాతది. కంపెనీ తొలినాళ్లలో తెలుగు ప్రాంతాలనుండి చేరిన సిపాయిలవల్ల ఉత్తరహిందుస్థానంలో సిపాయికి ‘తిలంగా’ అనే పేరే ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధంలో మద్రాసు శాపర్లు మెసపొటేమియాలో, 61వ పయనీర్లు తూర్పు ఆఫ్రికాలో పనిచేశారు. హైదరాబాదు సంస్థానపు లాన్సర్లు మైసూరు, జోధ్‌పూరు లాన్సర్లతో కలిసి 15వ అశ్వికదళంగా ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతాలకు వెళ్లారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలో నిలిచిన ముగ్గురు యోధుల విగ్రహాలు ఆ మూడు సంస్థానాలకు ప్రతీకలు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం సమీపాన ఉన్న మాధవరం గ్రామాన్ని ‘మిలిటరీ మాధవరం’ అనే పిలుస్తారు. అక్కడి యువకులు తరతరాలుగా సైన్యంలో చేరుతూ ఉండటమే దానికి కారణం. కాబట్టి మన ఊళ్లలో ఏ పాత పెట్టె అడుగున ఏ పతకం ఉన్నదో చెప్పలేము.

అలా ఉన్న పతకాలు అంగడికి ఎలా వస్తాయి? సంపాదించే మనిషి పోయిన ఇంటిలో వెండి ఏ రూపంలో ఉన్నా అది ఆపద్ధనమే. కష్టకాలంలో అది కుదువకు పోతుంది, తరువాత కరుగుతుంది. 1980 జనవరిలో ప్రపంచ విపణిలో వెండి ధర ఒక్కసారిగా ఆకాశానికి ఎగసినప్పుడు బ్రిటిష్ వార్ మెడళ్లు లెక్కకు మిక్కిలిగా మూసలో కరిగిపోయాయి. కంచుకు అంత ధర లేదు గనుక జత విడిపోయి విక్టరీ మెడల్ ఒక్కటే మిగిలిన సందర్భాలు అనేకం. మరికొన్ని పతకాలు పాత ఇళ్లు పడగొట్టినప్పుడు, వారసులు సామాను అమ్మివేసినప్పుడు తుక్కు బేరగాండ్ర చేతికి వస్తాయి. హైదరాబాదులో గురువారాలు సాగే జుమ్మెరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత, ముంబయిలోని చోర్ బజారు ఇటువంటి పాత సామానుకు పేరుపొందిన చోట్లు. విదేశాలలో దీనికి వేలంశాలలే ఉన్నాయి. లండనులోని స్పింక్ సంస్థ 1666 నుండి ఉన్నది. పతకాలపై పరిశోధన చేసేవారు 1942లోనే అక్కడ ఒక సంఘంగా ఏర్పడ్డారు. అయినా వెదుకులాటలో డబ్బు కంటె ఓర్పు ముఖ్యం. పది సంతలు తిరిగినా ఒక్క పతకం కనబడకపోవచ్చును. పదకొండవ సంతలో తుప్పు తాళాలు, విరిగిన గడియారాల నడుమ అది మట్టిగొట్టుకొని పడి ఉండవచ్చును.

పతకం కనబడగానే అది నిజమైనదా కాదా అని పరీక్షించాలి. ముందుగా అంచు చూడాలి. సంఖ్య, హోదా, పేరు, దళం ఈ నాలుగూ ఉన్నవా? అక్షరాలు ఆ పతకానికి ఆ కాలంలో వాడిన తీరులోనే ఉన్నవా? విలువ పెంచడానికి పాత పేరు అరగదీసి, ప్రసిద్ధమైన దళానికి చెందిన మరొక పేరు వేసే మోసగాండ్రు ఉంటారు. అరగదీసినప్పుడు అంచు కొద్దిగా తగ్గుతుంది. బ్రిటిష్ వార్ మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్లు. కొలతసాధనంతో రెండు మూడు వైపుల కొలిచి చూస్తే, వ్యాసం తగ్గినా ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ వచ్చినా అనుమానించాలి. మూడు పతకాలు ఒకేచోట దొరికితే మూడింటిపైనా ఒకే సంఖ్య, ఒకే పేరు ఉన్నవో లేవో చూడాలి. వేర్వేరు మనుషుల పతకాలను ఒక పట్టీకి కుట్టి ఒకరివిగా అమ్మడం కూడ అంగడిలో జరిగే పనే.

అటుపిమ్మట అసలైన అన్వేషణ. అంచున ‘వెంకటసామి’ అని ఇంగ్లీషు అక్షరాలలో ఉన్నదనుకొందాం. సాధారణంగా ఇంటిపేరు ఉండదు, ఊరి పేరు ఉండదు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా పేరు వ్రాసుకొన్నాడు. ఒకే దళంలో ఆ పేరు గలవారెందరో ఉండవచ్చును. అప్పుడు దారి చూపేది సంఖ్య. దళం పేరును బట్టి అది ఏ యేట ఏ యుద్ధరంగంలో ఉన్నదో దళచరిత్రలలో చూడవచ్చును. సంఖ్యను బట్టి పతకాల పట్టికలలో మనిషిని గుర్తింపవచ్చును. కాని పట్టికలు కూడ కాగితాలే. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన బ్రిటిషు సైనికుల సేవాపత్రాలు 1940 సెప్టెంబరులో లండనుపై పడిన బాంబులవల్ల చెలరేగిన మంటలలో సుమారు 60 శాతం కాలిపోయాయి. వేరొకచోట ఇందుకు విరుద్ధంగా జరిగింది. ఉమ్మడి పంజాబునుండి ఆ యుద్ధానికి వెళ్లిన సుమారు 3,20,000 మంది వివరాలు గల రిజిస్టర్లు లాహోరు మ్యూజియంలో తొమ్మిది దశాబ్దాలకు పైగా ఎవరి కంటా పడక ఉండి, 2021 నుండి అందరికీ అందుబాటులోకి రాసాగాయి. ఆ రిజిస్టర్లలో గ్రామం పేరు ఉన్నది. సరిహద్దుకు రెండువైపుల ఉన్న కుటుంబాలు తమ ముత్తాతల పేర్లను వాటిలో చూచుకొనగలిగాయి.

రెండవ ప్రపంచయుద్ధానికి వస్తే మరొక విశేషం ఉన్నది. బ్రిటనులోని సైనికులకు ఇచ్చిన యుద్ధనక్షత్రాలపై పేర్లు వేయలేదు. భారతదేశం, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా సైనికులకు ఇచ్చినవాటిపై మాత్రం పేర్లు వేశారు. అందువల్ల బర్మా అడవులలో పోరాడిన మన సిపాయి ధరించిన బర్మా స్టార్ అతని పేరు చెబుతుంది. అతని ప్రక్కనే పోరాడిన ఇంగ్లీషు సైనికుని బర్మా స్టార్ ఆ పని చేయదు.

ఈ పేరు ఎంత విలువైనదో తెలియాలంటే స్మారకాలవైపు చూడాలి. ఫ్రాన్సులోని నవ్ షపెల్‌లో 1927లో నిర్మించిన స్మారకంపై సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఉన్నాయి. కాని ఇరాకులోని బాస్రా స్మారకాన్ని నిర్మించినప్పుడు భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సామాన్య సిపాయిల విషయంలో దళంవారీగా సంఖ్యను మాత్రమే చెక్కారు. మన దేశంలో అనేక గ్రామాలలో ఆ కాలపు పాలరాతి ఫలకాలు ఉన్నాయి. ఈ గ్రామం నుండి మహాయుద్ధానికి ఇందరు వెళ్లారు, ఇందరు ప్రాణాలు విడిచారు అని వాటిపై ఉంటుంది. వారెవరో ఉండదు. ప్రపంచయుద్ధ మృతుల సమాధులను సంరక్షించే కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంస్థ ఈ విషయమై విచారణ జరిపించి, 2021 ఏప్రిల్‌లో నివేదిక వెలువరించింది. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన ఆసియా, ఆఫ్రికా ఖండాలవారిలో కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది వరకు పేరుతో స్మరింపబడలేదని, లేక అసలు స్మరింపబడనే లేదని ఆ నివేదిక అంగీకరించింది. సంస్థ అందుకు క్షమాపణ చెప్పింది. రాతిపై పేరు లేనివానికి లోహంపై పేరు ఉండవచ్చును. అటువంటి పతకం కరిగిపోతే ఆ మనిషి రెండవసారి మరణించినట్లే.

కాబట్టి వస్తువును కాపాడటం సేకర్త మొదటి ధర్మం. మన ఇళ్లలో ఇత్తడి, రాగి పాత్రలను చింతపండుతో తోమడం అలవాటు. పతకాన్ని మాత్రం అలా తోమకూడదు. చింతపండులోని ఆమ్లం, ముగ్గుపిండిలోని గరుకుదనం లోహపు పైపొరను తినివేస్తాయి. పదిసార్లు తోమితే రాజు ముఖంతోపాటు సిపాయి పేరు కూడ అరిగిపోతుంది. నల్లబడిన వెండి చెడిపోయిన వెండి కాదు. ఆ నలుపు కాలం వేసిన పూత. చెమటచేతితో తాకకుండా, మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, తేమ చేరనిచోట ఉంచితే చాలు. మెత్తని ప్లాస్టిక్ సంచులలో సంవత్సరాల తరబడి ఉంచితే లోహంపై పచ్చని చిలుము పుడుతుంది. రంగురంగుల పట్టీలను ఎండకు, పురుగులకు దూరంగా ఉంచాలి. ఉత్తరాలను జిగురు కాగితాలతో అతికించరాదు.

ఈ అభిరుచికి హద్దులు కూడ ఉన్నాయి. బెల్జియం, ఉత్తర ఫ్రాన్సు పొలాలలో వంద యేండ్లు దాటినా నాగటిచాలులో ఫిరంగిగుండ్లు బయటపడుతూనే ఉన్నాయి. రైతులు దానిని ‘ఇనుప పంట’ అంటారు. వాటిలో విషవాయువు నింపినవి కూడ ఉంటాయి. జ్ఞాపికలని ఆశపడి వాటిని కదిలించి ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు. పేలని గుండు ఎక్కడ కనబడినా తాకక పోలీసులకు తెలియజేయడమే కర్తవ్యం. మన దేశంలో 1959నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులు, తూటాలు లైసెన్సు లేకుండా ఇంట ఉంచుకొనడం నేరం. 1972నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం చారిత్రక ప్రాముఖ్యం గలిగి నూరేండ్లు నిండిన వస్తువులను పురావస్తువులుగా పరిగణిస్తుంది. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి నూరేండ్లు దాటినందున ఆనాటి వస్తువుల విషయంలో ఈ సంగతి గుర్తుంచుకొనడం అవసరం.

చట్టం చెప్పని హద్దులు మరికొన్ని ఉన్నాయి. ఒకరు సంపాదించిన పతకాన్ని తాను సంపాదించినట్లు ధరించరాదు. అవసరంలో ఉన్న వృద్ధురాలు తన భర్త పతకాలు అమ్మజూపితే, వాటి విలువ ఆమెకు చెప్పకుండ కారుచౌకగా కొనడం సేకరణ కాదు, దోపిడి. ఒక మనిషి మూడు పతకాలను విడదీసి మూడు బేరాలుగా అమ్మడం లాభసాటి కావచ్చును, కాని ఆ మనిషి కథను ముక్కలు చేయడమే అది. పతకం దొరికిన సేకర్త ఆ సైనికుని వంశీకులను వెదకి దానిని వారికి చేర్చిన ఉదాహరణలు కూడ లోకంలో ఉన్నాయి. అలా చేర్చినవాని పెట్టెలో ఒక వస్తువు తగ్గుతుంది. ఒక ఇంటికి మాత్రం తమ తాత ఎక్కడికి వెళ్లాడో, ఎందుకు మౌనంగా ఉండేవాడో తెలుస్తుంది.

ఈ పనిలో ప్రవేశించదలచిన విద్యార్థి సంతలకు వెళ్లనవసరం లేదు, డబ్బు వెచ్చించనవసరం లేదు. తన ఇంటిలో, తన వీధిలో సైన్యంలో పనిచేసినవారెవరైనా ఉన్నారేమో పెద్దలను అడగవచ్చును. పాత ట్రంకుపెట్టెలో పతకం గాని, డిశ్చార్జి కాగితం గాని, దళంతో తీయించుకొన్న ఛాయాచిత్రం గాని ఉంటే దాని వివరాలన్నీ ఒక పుస్తకంలో వ్రాసుకొనవచ్చును. అంచున ఉన్న అక్షరాలను ఉన్నవి ఉన్నట్లే, తప్పులు దిద్దకుండ ఎత్తి వ్రాయాలి. ఛాయాచిత్రంలో ఉన్నవారి పేర్లు చెప్పగలిగిన పెద్దలు జీవించి ఉండగానే అడిగి తెలుసుకొనాలి. ఆ పేర్లు వెనుకవైపు పెన్సిలుతో తేలికగా వ్రాసి ఉంచాలి. ఊరిలో యుద్ధస్మారక ఫలకం ఉంటే దానిపైనున్న సంఖ్యకు పేర్లు కూర్చగలమేమో ప్రయత్నించవచ్చును. పదిమందిలో ఇద్దరి పేర్లు దొరికినా ఆ మేరకు చరిత్ర నిండినట్లే. వస్తువును దాచేవాడు సేకర్త. దాని వెనుకనున్న పేరును వెదకి పదిమందికీ తెలిపేవాడు చరిత్రకు సహాయకుడు.

కఠిన పదాలకు అర్థాలు

సంగ్రహశీలి = కూడబెట్టే స్వభావం గలవాడు
అసువులు బాయు = ప్రాణాలు విడుచు
ఆపద్ధనం = ఆపదలో ఆదుకొనే ధనం
విపణి = అంగడి, వ్యాపార స్థలం
మూస = లోహాన్ని కరిగించే పాత్ర
చిలుము = రాగి, కంచు వంటి లోహాలకు పట్టే పచ్చని మాలిన్యం
కారుచౌక = మిక్కిలి తక్కువ ధర

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పతకాలపై పేరు ముద్రించే పద్ధతి ఎలా మొదలై ఎలా కొనసాగిందో వివరించండి.
2. యుద్ధస్మారక వస్తువుల సేకర్తకు ఉండవలసిన బాధ్యతలను పాఠం ఆధారంగా వ్రాయండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. బ్రిటిష్ వార్ మెడల్‌ను రెండు లోహాలతో చేయడంలో కనిపించే భేదం ఎటువంటిది?
2. పతకం అంచును అరగదీసి పేరు మార్చారని ఎలా గుర్తిస్తారు?
3. ‘ఇనుప పంట’ అంటే ఏమిటి?
4. పతకాన్ని చింతపండుతో తోమకూడదనడానికి కారణమేమి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. ఈ వీరారాధనలో ఆయుధానికి వెల లేదు.
2. రాతిపై పేరు లేనివానికి లోహంపై పేరు ఉండవచ్చును.

IV. సంధులు
1. వీరారాధన = వీర + ఆరాధన — సవర్ణదీర్ఘ సంధి
2. అత్యున్నత = అతి + ఉన్నత — యణాదేశ సంధి
3. వారెవరు = వారు + ఎవరు — ఉత్వ సంధి

V. సమాసాలు
1. రజతపతకం — రజతంతో చేసిన పతకం — తృతీయా తత్పురుష సమాసం
2. యుద్ధరంగం — యుద్ధం యొక్క రంగం — షష్ఠీ తత్పురుష సమాసం
3. మహాయుద్ధం — గొప్పదైన యుద్ధం — విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
4. మూడు పతకాలు — మూడు సంఖ్య గల పతకాలు — ద్విగు సమాసం
5. తల్లిదండ్రులు — తల్లియును తండ్రియును — ద్వంద్వ సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ గ్రామంలో లేదా వీధిలో సైన్యంలో పనిచేసిన ఒకరి వివరాలను వారి కుటుంబసభ్యుల అనుమతితో సేకరించి, రెండు పుటల వ్యాసం వ్రాయండి.